ప్రమాణం చేసిన రోజుకు ఆమె వయసెంత?

(హైకోర్టుల్లో మహిళా న్యాయమూర్తుల చరిత్ర మీద, న్యాయ విద్యార్థుల సమావేశంలో ఒక సీనియర్ మహిళా న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆడపిల్లలకు ఇంకో నమస్కారం. ఏమ్మా, ముందు ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా, వచ్చి కూర్చోండి. రారా? సరే, కాసేపాగి వస్తార్లెండి.

నన్ను పిలిచినవాళ్లు హైకోర్టుల్లో మహిళా న్యాయమూర్తుల చరిత్ర గురించి చెప్పమన్నారు. ఈ విషయం మీద ప్రసంగమంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొదటి మహిళా జడ్జి ఎవరు, మొదటి చీఫ్ జస్టిస్ ఎవరు, సుప్రీంకోర్టులో మొదట ఎవరు. పోటీ పరీక్షల బిట్లు. ఆ బిట్లు నేనూ చెప్తాను, చెప్పకపోతే ఊరుకోరు కదా. కానీ ప్రతి పేరు దగ్గరా ఇంకో ప్రశ్న అడుగుతాను. ప్రమాణం చేసిన రోజుకు ఆమె వయసెంత? పుస్తకాలు తెచ్చుకున్నవాళ్లు పేరు పక్కన వయసు రాసుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు జడ్జీల సంగతి కాదు, ప్లీడర్ల సంగతి. ప్లీడరు కానివ్వని చోట జడ్జి ఎలా అవుతారు? 1916లో కలకత్తాలో రెజీనా గుహ అని ఒకావిడ ఎం.ఏ., బి.ఎల్. పాసై, అలీపూర్ జిల్లా కోర్టులో ప్లీడరుగా నమోదు చేసుకోండని దరఖాస్తు పెట్టారు. చట్టం ఏమంటోంది? 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం. అందులో అర్హత ఉన్న 'వ్యక్తి' అని ఉంది. మగవాడని లేదు. పైగా మగవాళ్లను ఉద్దేశించిన మాటలు ఆడవాళ్లకూ వర్తిస్తాయని జనరల్ క్లాజెస్ చట్టం చెప్తోంది. మీరైతే ఎలా తీర్పు చెప్తారు? రెండో సంవత్సరం విద్యార్థి కూడా చెప్పగలడు కదా. కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ కూర్చుంది, విన్నది, కుదరదంది. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఆడవాళ్లు ప్లీడర్లవుతారన్న ఊహే లేదు కాబట్టి 'వ్యక్తి' అంటే మగవాడే అని సారాంశం.

అయిదారేళ్లకు పాట్నాలో సుధాంశుబాల హజ్రా గారు అదే తలుపు తట్టారు. పాట్నా హైకోర్టూ అదే జవాబు చెప్పింది. ఈలోగా 1921లో అలహాబాద్ హైకోర్టు మాత్రం కొర్నీలియా సొరాబ్జీ గారిని వకీలుగా నమోదు చేసుకుంది. ఒకే చట్టం, మూడు హైకోర్టులు, రెండు జవాబులు! ఇది మన వృత్తిలో కొత్తేమీ కాదనుకోండి.

సొరాబ్జీ గారి గురించి రెండు మాటలు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాశారు. పట్టా ఎప్పుడిచ్చారు? 1922లో. ముప్ఫై ఏళ్లు. ఆ మధ్యలో ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1904 నుంచి బెంగాల్ ప్రాంతంలో జమీందారీ ఆస్తులు చూసే సర్కారు సంస్థ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌కు న్యాయ సలహాదారుగా, పరదా చాటున ఉండే జమీందారీ స్త్రీల ఆస్తి తగాదాలు చూశారు. ఆ స్త్రీలు పరాయి మగవాళ్లతో మాట్లాడరు. మగ ప్లీడరు వాళ్ల మాట వినలేడు. ఆడమనిషి ప్లీడరు కాలేదు. మరి ఆ స్త్రీ ఆస్తి ఎవరి చేతిలో ఉంటుందంటారు?

ఇదంతా వందేళ్ల కిందటి మాట అనుకోకండి. నేను ఎన్‌రోల్ అయిన కొత్తలో, జిల్లా కోర్టులో మా సీనియర్ గారి ఆఫీసుకు ఒక పెద్దావిడ వచ్చింది. భాగ పరిష్కారం దావా. మా సీనియర్ గారి ముందు 'అవునండి, కాదండి' తప్ప ఇంకో మాట లేదు. కాగితాలు తీసుకుని నేను బయట బల్ల మీద కూర్చుంటే పక్కకొచ్చి కూర్చుంది. ఒక గంట చెప్పింది. దావా మొత్తం ఆ గంటలోనే ఉంది. వీలునామా రాసిన రోజున ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, ఆయన సంతకం పెట్టే స్థితిలో ఉన్నాడా లేడా, అన్నీ. అంతా చెప్పి చివర్లో నన్నడిగింది, 'అమ్మాయ్, నువ్వు ఇక్కడ టైపు చేస్తావా?' అని. నల్లకోటు వేసుకునే ఉన్నాను, బాబూ. నవ్వకండి, మీకూ జరుగుతుంది.

సరే. 1923లో లీగల్ ప్రాక్టీషనర్స్ మహిళల చట్టం వచ్చింది. ఆడవాళ్లయినంత మాత్రాన ప్లీడరీకి అనర్హులు కారు అని అందులో స్పష్టంగా రాశారు. రాయాల్సి వచ్చింది. ఈ 'వ్యక్తి' అనే మాట మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అన్నా చాందీ గారు. ఈవిడ దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఎందుకంటే మనం 'భారతదేశంలో మొదటి మహిళా హైకోర్టు జడ్జి, 1959, కేరళ' అని ఒక లైను చదివి ముందుకెళ్లిపోతాం. ఆ లైను వెనకాల ఎంతుందో చూడండి. 1905లో తిరువాంకూరు సంస్థానంలో పుట్టారు. ఆ ప్రాంతంలో లా పట్టా తీసుకున్న మొదటి మహిళ. క్రిమినల్ పక్క ప్రాక్టీసు చేశారు. 'శ్రీమతి' అని ఒక పత్రిక నడిపారు. పెళ్లయిన ఆడవాళ్లకు సర్కారు ఉద్యోగాలు ఇవ్వకూడదని ఆ రోజుల్లో తిరువనంతపురంలో ఒక సభలో ఒక పెద్ద మేధావి ఉపన్యాసం ఇస్తే, ఈవిడ అక్కడికి వెళ్లి, లేచి, ఒక్కొక్క పాయింటూ తీసుకుని కోర్టులో వాదించినట్టు వాదించారు. ఆడవాళ్లకు ఉద్యోగాలిస్తే మగవాళ్లకు నిరుద్యోగం వస్తుందట! ఈ పాయింటు మీరూ ఎక్కడో విన్నట్టున్నారు, తలలూపుతున్నారు.

1931లో సంస్థానం శాసనసభకు పోటీ చేశారు. ఓడిపోయారు. మామూలుగా ఓడిపోలేదు, ఆవిడ నడవడి మీద గోడల మీద రాతలు రాశారు, కరపత్రాలు పంచారు. ఆవిడేం చేశారు? తన పత్రికలో దాన్ని ఎండగట్టి, మరుసటేడు మళ్లీ నిలబడి గెలిచారు. 1937లో దివాన్ సి.పి. రామస్వామి అయ్యర్ ఆవిడను కింది కోర్టులో సివిల్ జడ్జిగా, అంటే మున్సిఫ్‌గా వేశారు. 1948లో జిల్లా జడ్జి. 1959 ఫిబ్రవరి 9న కేరళ హైకోర్టు జడ్జి.

వయసెంత? చెప్పండి. 53. మున్సిఫ్ కుర్చీ నుంచి హైకోర్టు కుర్చీకి 22 ఏళ్లు.

అప్పుడు హైకోర్టు జడ్జీల పదవీ విరమణ 60కి. 1963లో పదిహేనో రాజ్యాంగ సవరణతో 62 చేశారు. ఆ సవరణ వేరే కారణాల కోసం వచ్చింది. కానీ దానివల్ల అన్నా చాందీ గారికి ఇంకో రెండేళ్లు దొరికాయి, 1967 దాకా ఉన్నారు. తర్వాత లా కమిషన్‌లో పనిచేశారు. ఇంకో సంగతి. ఇంగ్లండు నుంచే కదా మనం ఈ కోర్టులూ గౌన్లూ తెచ్చుకున్నది. అక్కడి హైకోర్టుకు మొదటి మహిళ ఎప్పుడొచ్చారు? ఎలిజబెత్ లేన్ గారు, 1965లో. మనకన్నా ఆరేళ్లు వెనక. ఇది మాత్రం బిట్లలో రాదు.

రాజ్యాంగం అన్నాను కదా. 217వ అధికరణం తీసి చదవండి. ఎవరు హైకోర్టు జడ్జి కావచ్చు అనే చోట మళ్లీ అదే మాట, 'వ్యక్తి'. కాకపోతే 1950కి ఆ మాటకు అర్థం మారిపోయింది. రాజ్యాంగ సభలో 15 మంది మహిళలు కూర్చుని ఉన్నారు, వాళ్లలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారున్నారు. ఆవిడ స్వయంగా లా చదివి మద్రాసులో ప్రాక్టీసు చేసిన మనిషి. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మనకూ కావాలని జడ్జీల చుట్టూ, నెహ్రూ గారి చుట్టూ తిరిగారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981లోనే పోయారు.

కానీ అదే 217లో, పదవీకాలం చెప్పే చోట ఏముంది? 'అతనికి' 62 ఏళ్లు వచ్చేవరకు అని ఉంది, ఇంగ్లీషు పాఠంలో. చదివేవాళ్ల మనసులో బొమ్మ ఎవరిది? ఈ విషయంలో మన తెలుగు నయం. 'జడ్జి గారు వచ్చారు' అంటే ఆడో మగో తెలీదు. గౌరవం ఇచ్చేసరికి ఆ తేడా మాయమైపోతుంది. 'మిలార్డ్' అనాలా 'మిలేడీ' అనాలా అని కోర్టు హాల్లో నాలిక తడబడేవాళ్లను నేను ఎంతమందినో చూశాను. తెలుగులో వాదిస్తే ఆ బాధే లేదు.

1959 తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు. చాలా ఏళ్లు ఏమీ జరగలేదు. ఇంకో హైకోర్టు, ఇంకో హైకోర్టు అని వరసగా మహిళల పేర్లు వినబడ్డది 1970ల చివర్లోనే. ముఖ్యంగా 1978. ఆ ఒక్క సంవత్సరంలో ఢిల్లీకి లీలా సేఠ్, బొంబాయికి సుజాతా మనోహర్, మన హైదరాబాదుకు అమరేశ్వరి గారు. ముగ్గురూ తమ తమ హైకోర్టుల్లో మొదటివాళ్లు. ఎందుకు ఆ ఏడాదే? 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం, ఎమర్జెన్సీ తర్వాత కొత్త ప్రభుత్వం, స్వాతంత్ర్యం వచ్చాక లా చదివిన తరానికి సరిగ్గా అప్పటికి ఆ వయసు రావడం. ఇవన్నీ కలిశాయని నా అంచనా. అంచనానే.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1956లో ఏర్పడింది. కేరళ హైకోర్టూ 1956లోనే. వాళ్లకు మొదటి మహిళ మూడేళ్లలో వస్తే మనకు 22 ఏళ్లు పట్టింది. అమరేశ్వరి గారిది గుంటూరు జిల్లా. 1928లో పుట్టారు. అంటే ప్రమాణం నాటికి? 49. ఆవిడ 1990 దాకా బెంచ్ మీద ఉన్నారు. నేను హైకోర్టులో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఆవిడ కోర్టు హాలు వెతుక్కుని వెళ్లి వెనక నిలబడ్డాను. ఏ కేసో గుర్తులేదు. పెద్ద పెద్ద సీనియర్లు నడుం వంచి నమస్కారం పెట్టడం మాత్రం గుర్తుంది. నేను ఆ రోజు ఇంటికెళ్లి మా నాన్నకు చెప్పింది అదొక్కటే.

లీలా సేఠ్ గారిది 1930 పుట్టుక. లండన్ బార్ పరీక్షలో 1958లో మొదటి ర్యాంకు. ఆవిడ కలకత్తాలో ఒక పెద్ద బారిస్టరు దగ్గర జూనియర్‌గా చేరదామని వెళ్లారట. ఆయన 'పో అమ్మా, పెళ్లి చేసుకో' అన్నారట. 'అయిందండీ.' 'అయితే ఒక బిడ్డను కను.' 'ఉన్నాడండీ.' 'ఒక్కడే అయితే వాడికి తోడు లేకుండా పోతుంది, ఇంకొకళ్లను కను.' 'ఇద్దరున్నారండీ.' ఆయన దగ్గర ఇంక పాయింట్లు అయిపోయాయి. వచ్చి చేరమన్నారు. ఈ కథ ఆవిడే చాలాసార్లు చెప్పారు. మనం నవ్వుకుంటాం. ఆ ఇద్దరు పిల్లలు లేకపోయుంటే ఏమయ్యేదంటారు?

ఆవిడ ఢిల్లీ హైకోర్టుకు వచ్చేనాటికి 47 ఏళ్లు. 13 ఏళ్లకు, 1991 ఆగస్టులో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్. దేశంలో ఒక హైకోర్టుకు మొదటి మహిళా చీఫ్ జస్టిస్. వయసు 60. అంటే ఎంతకాలం? ఏడాది చిల్లర.

ఇప్పుడు పక్కన ఇంకో పేరు రాయండి. ఫాతిమా బీవీ గారు. 1927లో పతనంతిట్టలో పుట్టారు. 1950లో ఎన్‌రోల్ అయ్యారు. 1958లో మున్సిఫ్. తర్వాత సబ్ జడ్జి, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా జడ్జి. ఒక్క మెట్టు కూడా వదల్లేదు. కేరళ హైకోర్టుకు 1983 ఆగస్టులో వచ్చారు. వయసు? 56. ఆరేళ్లలోపే, 1989 ఏప్రిల్లో రిటైరయ్యారు. అయిపోయిందనుకున్నారు అందరూ. రిటైరయ్యాక, అదే ఏడాది అక్టోబరు 6న సుప్రీంకోర్టుకు తీసుకున్నారు. సుప్రీంకోర్టులో మొదటి మహిళ.

ఒక చిన్న ముచ్చట. అప్పుడు దేశ ప్రధాన న్యాయమూర్తి ఎవరు? ఇ.ఎస్. వెంకటరామయ్య గారు. ఆయన కూతురే జస్టిస్ బి.వి. నాగరత్న. సీనియారిటీ ఇప్పుడున్నట్టే నడిస్తే 2027 సెప్టెంబరులో మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యేది ఆవిడే. ఎన్ని రోజులు? 36 రోజులు.

ఇప్పుడు చెప్తాను వయసు ఎందుకు రాయమన్నానో. హైకోర్టు జడ్జి 62కి దిగిపోవాలి. సీనియారిటీ దేన్నిబట్టి? ప్రమాణం చేసిన తేదీనిబట్టి. చీఫ్ జస్టిస్ కావాలంటే, సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే, జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందం, అంటే కొలీజియంలో కూర్చుని రేపటి జడ్జీల పేర్లు రాయాలంటే, అన్నిటికీ సీనియారిటీ కావాలి. 45కి వచ్చినవాళ్లకు 17 ఏళ్లుంటాయి. 57కి వచ్చినవాళ్లకు అయిదు. ఈ ఇద్దరూ 'హైకోర్టు జడ్జి' అనే లెక్కలో ఒక్కటే. శాతాల పట్టికలో ఇద్దరూ చెరొకటి. కానీ ఇద్దరి చేతికీ వచ్చే అధికారం ఒకటేనా?

ఉదాహరణలు చూడండి. గుజరాత్ హైకోర్టుకు మొదటి మహిళా చీఫ్ జస్టిస్ 2023లో సోనియా గోకానీ గారు. తొమ్మిది రోజులు. కొత్త చాంబర్లో ఫైళ్లు సర్దుకోవడానికే చాలవు. మన మీనాకుమారి గారు మేఘాలయ హైకోర్టు 2013లో ఏర్పడ్డప్పుడు దానికి మొట్టమొదటి చీఫ్ జస్టిస్. ఒక హైకోర్టు తలుపులు తెరిచింది తెలుగావిడ! ఎన్నాళ్లు? కొద్ది నెలలు. రిటైర్మెంటు వచ్చేసింది.

ఇక రోహిణి గారు. విశాఖపట్నం. ఆంధ్రా యూనివర్సిటీలో లా. 1980లో ఎన్‌రోల్, గవర్నమెంటు ప్లీడరుగా చేశారు, 2001లో మన హైకోర్టుకు జడ్జిగా వచ్చారు. వయసు 46. తేడా చూశారా? 46కి వచ్చారు కాబట్టి 2014లో ఢిల్లీ హైకోర్టుకు మొదటి మహిళా చీఫ్ జస్టిస్ అయ్యి మూడేళ్లు ఉండగలిగారు. మూడేళ్లంటే ఒక చీఫ్ జస్టిస్ నిజంగా ఏమైనా చేయగలిగినంత కాలం.

ఆవిడ ఉన్న చివరి రోజుల్లో ఒక వింత జరిగింది. 2017 ఏప్రిల్. బొంబాయిలో మంజులా చెల్లూర్, ఢిల్లీలో రోహిణి, కలకత్తాలో తాత్కాలిక చీఫ్ జస్టిస్‌గా నిశితా మ్హాత్రే, మద్రాసుకు కొత్తగా ఇందిరా బెనర్జీ. నాలుగు పెద్ద హైకోర్టులకూ ఒకేసారి మహిళలే. పేపర్లన్నీ ఫోటోలు వేశాయి. ఎన్నాళ్లు నిలిచింది? ఇందిరా బెనర్జీ గారు ప్రమాణం చేసింది ఏప్రిల్ 5న, రోహిణి గారు రిటైరయింది 13న. వారం, దాటితే ఒక రోజు. మరుసటేడు, 2018 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ హైకోర్టుకు మొదటి మహిళా జడ్జి వచ్చారు. ఆ హైకోర్టు పుట్టింది 1928లో. తొంభై ఏళ్లు!

ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు? రెండు దారులున్నాయి కదా. ఒకటి కింది కోర్టుల నుంచి. సుమారు మూడో వంతు హైకోర్టు పోస్టులు వాళ్లవి. జిల్లా కోర్టుల్లో ఇప్పుడు మూడో వంతుకు పైగా మహిళలే. పరీక్ష రాసి వచ్చేది కాబట్టి, కొన్ని రాష్ట్రాల్లో రిజర్వేషన్ ఉంది కాబట్టి. హైకోర్టుల్లో కొన్నేళ్లుగా నూటికి పదమూడు, పద్నాలుగు దగ్గరే ఉంది. మరి కిందున్నవాళ్లు పైకి రారా అంటే, వస్తారు, ఫాతిమా బీవీ గారిలాగా పాతికేళ్లు మెట్లెక్కి 56కి వస్తారు. 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలనే నిబంధన మళ్లీ తెచ్చింది. కోర్టు మొహం చూడకుండా జడ్జి కావడం మంచిది కాదు, నిజమే. కానీ ఆ మూడేళ్లూ చేతికి డబ్బు రాని మూడేళ్లు. అబ్బాయిని పోషించినట్టు అమ్మాయిని ఇంట్లోవాళ్లు పోషిస్తారా, పెళ్లి సంబంధం చూస్తారా? మీ ఇళ్లల్లో మీకే తెలియాలి.

రెండో దారి బార్ నుంచి, అంటే ప్రాక్టీసు చేసే లాయర్ల నుంచి. మూడింట రెండు వంతులు ఇక్కడినుంచే. 2021లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి. రమణ గారు చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 17 లక్షల మంది లాయర్లుంటే మహిళలు నూటికి పదిహేను. న్యాయవ్యవస్థలో సగం మీ హక్కు, ఎవరో వేసే భిక్ష కాదు అన్నారాయన. బాగుంది. కానీ ఆ పదిహేనులో నలభై అయిదేళ్లకు హైకోర్టు జడ్జీల కళ్లల్లో పడేవాళ్లు ఎందరు? కొలీజియం ఎవరి పేర్లు రాస్తుంది? రోజూ తమ ముందు వాదించేవాళ్లవి. రోజూ వాదించేది ఎవరు? గవర్నమెంటు ప్లీడర్లు, ప్రభుత్వ సంస్థల తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిళ్లు, పెద్ద ఆఫీసున్న సీనియర్లు. జీపీ, అంటే గవర్నమెంటు ప్లీడరు పోస్టు ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా? రోహిణి గారు జీపీగా చేశారన్న మాట అందుకే మీకు చెప్పాను. పదేళ్లు విడాకులు, మనోవర్తి కేసులకే పరిమితం చేస్తే ప్రభుత్వం మీద వేసే రిట్ కేసులు వినే బెంచ్ ముందు నీ పేరు ఎవరికి తెలుస్తుంది? నాకూ కొత్తలో వచ్చినవన్నీ మనోవర్తి కేసులే. 'మీరైతే బాగా అర్థం చేసుకుంటారు మేడం' అని పంపేవారు. భూసేకరణ కేసు పంపితే అర్థం చేసుకోనా?

ఇంకో మాట, అది చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. మహిళా జడ్జి అంటే మహిళల పక్షాన తీర్పు చెప్తారని మీరనుకుంటే తప్పు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే 1983లో, కాపురానికి రమ్మని భార్యను బలవంతం చేసే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. టి. సరిత కేసు. ఆడమనిషి ఒంటి మీద ఆమెకున్న హక్కు గురించి అంత గట్టిగా రాసిన తీర్పు అప్పటికి ఇంకోటి లేదని నా అభిప్రాయం. రాసిందెవరు? జస్టిస్ పి.ఎ. చౌదరి గారు. మగవారు. మరుసటేడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ వాదన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఇటు చూడండి, 2018లో శబరిమల కేసు. అయిదుగురి బెంచ్. నలుగురు మగ జడ్జీలు మహిళల ప్రవేశం వైపు. ఒక్కరే ఒప్పుకోలేదు. ఎవరు? ఆ బెంచ్‌లో ఉన్న ఒక్క మహిళ, ఇందూ మల్హోత్రా గారు. బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లిన మొదటి మహిళ. ఆ తీర్పుతో మీరు ఏకీభవించవచ్చు, మానవచ్చు. అలా విడిగా రాయడానికి ఎంత గుండె కావాలో మాత్రం కోర్టుల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

మరి తీర్పులు మారనప్పుడు ఎవరు కూర్చుంటే ఏమిటి అంటారేమో. 1997లో పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద విశాఖ తీర్పిచ్చిన ముగ్గురిలో సుజాతా మనోహర్ గారున్నారు, దాన్ని చూపించి నేను వాదించొచ్చు. వాదించను. కోర్టు జనానిది. మగవాడు జడ్జి కావడానికి 'మీవల్ల తీర్పు మెరుగవుతుందా' అని ఏనాడూ అడగలేదు. మనల్నెందుకు అడగాలి?

మనవైపు కొంచెం కదిలింది. 2021 జనవరిలో తెలంగాణ హైకోర్టుకు హిమా కోహ్లీ గారు మొదటి మహిళా చీఫ్ జస్టిస్‌గా వచ్చారు. ఎనిమిది నెలలు తిరక్కుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఆగస్టు 31న తొమ్మిదిమంది ఒకేసారి ప్రమాణం చేస్తే ముగ్గురు మహిళలు. వాళ్లతో కలిపితే సుప్రీంకోర్టు పుట్టినప్పటినుంచి ఆ రోజు దాకా వచ్చిన మహిళలు పదకొండుమంది. 2022 మార్చిలో తెలంగాణ హైకోర్టుకు పదిమంది కొత్త జడ్జీలొస్తే నలుగురు మహిళలు. పదిలో నాలుగు! ఆ లిస్టు చూసి నేను ఇంట్లో ఒక్కదాన్నే లేచి నిలబడ్డాను, మా ఆయన ఏమైందని అడిగారు. తర్వాత కూర్చుని ఏం చేశానో చెప్పండి? అందరి పుట్టిన తేదీలూ వెతికాను.

ఇందాక వెనకనుంచి ఒక చీటీ వచ్చింది. 'హైకోర్టు నియామకాల్లో మహిళలకు రిజర్వేషన్ ఉండాలా మేడం?' అని. 217, 224 అధికరణాల కింద ఎవరికీ రిజర్వేషన్ లేదు, కులానికీ లేదు, స్త్రీలకూ లేదు. పేర్లు పంపేటప్పుడు చూడమని ప్రభుత్వం చీఫ్ జస్టిస్‌లను అడుగుతూ ఉంటుంది, అంతే. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తాను. కోటా పెడితే అంకె నిండుతుంది. 58 ఏళ్లవాళ్లతో కూడా అంకె నింపొచ్చు. నాకు కావాల్సింది వేరే. గవర్నమెంటు ప్లీడర్ల లిస్టులో మూడో వంతు మహిళలుండాలి, ముప్ఫై అయిదేళ్లవాళ్లు ఉండాలి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ప్రభుత్వ లాయర్లకు పెద్ద అయిన అడ్వొకేట్ జనరల్ గారు తల్చుకుంటే చాలు. అది చేసి పదేళ్లు చూశాక కూడా హైకోర్టుల్లో అంకె కదలకపోతే, అప్పుడు కోటా అడగడానికి మీ వెంట నేనూ వస్తాను. నాకు అప్పటికి ఓపికుంటే.

చీటీ రాసింది ఎవరమ్మా? పేరు రాయలేదు. మీరేనా? ఏ సంవత్సరం చదువుతున్నావు? మూడో సంవత్సరమా. ముందుకొచ్చి ఈ మైకు తీసుకో, తర్వాతి ప్రశ్న చీటీలో కాదు, నోటితో అడుగు.